బస్తా జీడి పిక్కలకు పప్పు తక్కువ వస్తోందా? ఎక్కడ పోతోందో పట్టుకునే పద్ధతి

పలాస, కాశీబుగ్గ, మందస, వజ్రపుకొత్తూరు వైపు చిన్న జీడి యూనిట్లు నడిపేవాళ్లు లెక్కలు చూపించడానికి వచ్చినప్పుడల్లా అడిగే ప్రశ్న దాదాపు ఒకటే. "బస్తాకి 22 కిలోల పప్పు వస్తుందని చెప్పి అమ్మాడండీ. మాకు పద్దెనిమిదిన్నర దాటట్లేదు. మిగతాది ఎక్కడికి పోతోంది?"

ఈ ప్రశ్న వెనకాలే మూడు అనుమానాలు కూడా వస్తాయి. అమ్మినవాడు మోసం చేశాడు, పనివాళ్లు పట్టుకెళ్తున్నారు, మిషను పాడైంది. ఈ మూడింట్లో ఏదైనా నిజం కావచ్చు. కానీ బస్తా దిగిన రోజు ఒక తూకం, పప్పు టిన్నులో పడిన రోజు ఒక తూకం మాత్రమే ఉంటే, ఏది నిజమో ఎవరూ చెప్పలేరు. మధ్యలో సరుకు ఎన్ని చేతులు మారిందో అన్ని చోట్లా తూకం ఉండాలి. ఈ పద్ధతంతా అదే. పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఒక్క లాట్ మీద శ్రద్ధగా చేస్తే చాలు, తేడా ఎక్కడుందో దానంతటదే బయటపడుతుంది.

కింద రాసిన అంకెలన్నీ 20 బస్తాల ఊహా లాట్ మీద వేసినవి. బస్తా అంటే మన ఉద్దానంలో వాడే 80 కిలోల బస్తానే. మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క వేసే తీరు మాత్రం ఇదే.

ఏమేం కావాలి

- బస్తాలు తూచే ప్లాట్‌ఫారం కాటా ఒకటి. దాని మీద ఈ ఏడాది తూనికలు కొలతల శాఖ ముద్ర పడి ఉండాలి.
- గ్రాముల్లో చూపించే చిన్న కాటా. నమూనాలకు ఇదే ముఖ్యం.
- 20 కిలోల ముద్ర వేసిన ఇనుప గుండు. లేకపోతే తెలిసిన కిరాణా కొట్టు నుంచి ఒక పూటకి తెచ్చుకోండి.
- బస్తా కుట్టు విప్పకుండా నమూనా తీసే మొన ఉన్న ఇనుప గొట్టం.
- తేమ మీటరు ఉంటే మంచిది. లేనివాళ్లకి వేరే దారి 5వ మెట్టులో చెప్పాను.
- గట్టి అట్ట ఉన్న ఒకే ఒక్క నోటుబుక్కు. తూకాలు చీటీల మీద, సిగరెట్టు పెట్టెల మీద రాస్తే సాయంత్రానికి సగం పోతాయి.
- అట్టముక్కలు, పురికొస, పర్మనెంట్ మార్కర్.

1. ముందు కాటా సరిచూసుకోండి

20 కిలోల గుండుని ప్లాట్‌ఫారం మధ్యలో పెట్టి అంకె చూడండి. తర్వాత నాలుగు మూలల్లోనూ పెట్టి చూడండి. మధ్యలో సరిగ్గా చూపించి మూలలో 200 గ్రాములు తేడా చూపించే కాటాలు చాలా ఉన్నాయి. బస్తాని ఎప్పుడూ నడిమధ్యన పెట్టలేం కాబట్టి ఆ తేడా రోజూ మీ పుస్తకంలోకి ఎక్కుతూనే ఉంటుంది. తేడా కనిపిస్తే ముందు రిపేరు చేయించి మళ్లీ ముద్ర వేయించండి. ఆ పని కాకుండా మిగతా మెట్లు ఎక్కినా లాభం లేదు.

2. లాట్‌కి ఒక నంబరు ఇవ్వండి, చివరిదాకా వదలకండి

ఒక లారీలో వచ్చింది, లేదా ఒక రైతు తోట నుంచి వచ్చింది ఒక లాట్. ఆ నంబరు అట్టముక్క మీద రాసి, బస్తాకి, తర్వాత బాయిలర్ ట్రేకి, డ్రయ్యర్ ట్రేకి, పీలింగ్ బుట్టకి, టిన్నుకి కట్టుకుంటూ పోవాలి.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని పడగొట్టాక, ఆఫ్రికా పిక్కల మీద ఆధారపడడం మరీ పెరిగింది. ఇప్పుడు చాలా యూనిట్లలో మన పిక్క, విదేశీ పిక్క ఒకే గోడౌన్లో ఉంటున్నాయి. రెండిటి సైజు వేరు, పెంకు మందం వేరు, వచ్చే పప్పు వేరు. రెండూ కలిపి ఉడకబెడితే ఒకటి ఉడికేసరికి ఇంకోటి పచ్చిగా ఉంటుంది. లెక్కలో అయితే మంచి లాట్ లాభం చెడ్డ లాట్ నష్టాన్ని కప్పేస్తుంది, ఎవరి దగ్గర కొనకూడదో మీకు ఎప్పటికీ తెలియదు.

గోడౌన్ చిన్నదైతే ఒక లాట్ పూర్తయ్యాకే రెండోది దించుకోండి. అది కుదరకపోతే మధ్యలో ఒక వరస ఖాళీగా వదిలి, నేల మీద సున్నంతో గీత గీయండి.

3. దింపుకునే రోజు తూకం

లారీ లోడుతో ఒకసారి, ఖాళీగా ఒకసారి ఒకే వే బ్రిడ్జి మీద తూయించండి. లోడు కాటా ఒకచోట, ఖాళీ కాటా ఇంకోచోట అయితే ఆ రెండు స్లిప్పులకి విలువ లేదు. డ్రైవరు, క్లీనరు రెండుసార్లూ బండిలో ఉన్నారా, రెండుసార్లూ దిగారా అన్నది కూడా చూడండి.

తర్వాత బస్తాలు విడివిడిగా తూచి, ఖాళీ గోనె బరువు తీసేయండి. ఒక పది గోనెలు కలిపి తూచి సగటు వేసుకుంటే చాలు. గోనె కిలో బరువుంటే 20 బస్తాల మీద 20 కిలోలు. "80 బస్తా" అని రాసుకున్నది గోనెతోనా, గోనె లేకుండానా అన్నది కొనేటప్పుడే అడగండి. చాలామంది ఇక్కడే మొదటి దెబ్బ తింటున్నారు.

మన లాట్: గోనెతో 1,620 కిలోలు, గోనె తీసేస్తే 1,600 కిలోలు.

4. కటింగ్ టెస్ట్

ఇదొక్కటి సరిగ్గా చేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. డబ్బు కట్టకముందే చేయాలి.

నమూనా పైబస్తా నుంచే తీయకండి. 20 బస్తాల్లో కనీసం ఐదారింట్లోంచి, ఒక్కోదాంట్లో పైన, నడుమ, అడుగున గొట్టం గుచ్చి తీయండి. అంతా టార్పాలిన్ మీద పోసి బాగా కలిపి, గుండ్రంగా పరిచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు ఉంచి మిగతా రెండు పక్కకి తోసేయండి. మళ్లీ కలపండి, మళ్లీ నాలుగు చేయండి. కిలో మిగిలేదాకా ఇలాగే. అమ్మేవాడు తనే తెచ్చి చూపించిన కిలోతో ఈ పరీక్ష చేయకండి.

ఆ కిలోలో ఎన్ని పిక్కలున్నాయో లెక్కపెట్టి రాయండి. 180, 200 అలా ఉంటాయి. ఎక్కువ పిక్కలు తూగాయంటే చిన్న పిక్క అన్నమాట, పప్పు కూడా చిన్న సైజు గ్రేడులోకే పోతుంది.

ఇప్పుడు ఒక్కో పిక్కా నిలువుగా కోసి, పప్పు బయటికి తీసి మూడు కుప్పలు పెట్టండి.

- మంచి పప్పు
- మచ్చలున్నది, ముడతపడినది, సరిగా ఎదగనిది
- కుళ్లినది, పురుగు పట్టినది, తాలు

మొదటి కుప్ప పూర్తి బరువు, రెండో కుప్ప సగం బరువు లెక్కలోకి వస్తాయి. మూడోది సున్నా. మన లాట్‌లో మంచిది 262 గ్రాములు, మచ్చది 16 గ్రాములు వచ్చాయనుకుందాం. 262కి 8 కలిపితే 270. కిలోకి 270 గ్రాములంటే 80 కిలోల బస్తాకి 21.6 కిలోలు.

ఇక్కడ రెండు విషయాలు గట్టిగా గుర్తుపెట్టుకోవాలి.

విదేశీ పిక్క అమ్మేవాళ్లు "అవుట్‌టర్న్ 48" అంటే అది కిలోలు కాదు, 80 కిలోల బస్తాకి 48 పౌండ్లు. పౌండంటే 453.6 గ్రాములు, అంటే 21.8 కిలోలు. మన 21.6 కిలోలు పౌండ్లలో 47.6 అవుతుంది. ఒకరు పౌండ్లలో, ఒకరు కిలోల్లో మాట్లాడుకుంటూ బేరం తెగ్గొట్టుకోవడం నేను చూశాను.

రెండోది ఇంకా ముఖ్యం. ఈ 21.6 కిలోలు ఎర్రపొట్టుతో, పిక్కలో ఉన్న తేమతో కలిపిన బరువు. మీరు టిన్నులో పోసేది ఆరి, పొట్టు తీసిన తెల్లపప్పు. రెండూ ఎలా సమానమవుతాయి? కాబట్టి కోసిన మంచి పప్పుని పారేయకుండా గుడ్డలో మూటకట్టి, మీ డ్రయ్యర్‌లోనే ఆరబెట్టి, పొట్టు తీసి మళ్లీ తూచండి. 262 గ్రాములు 231 గ్రాములైందనుకుంటే, అది 0.88 వంతు. ఈ వంతు పిక్కని బట్టి, మీ డ్రయ్యర్‌ని బట్టి మారుతుంది. ఎవరో చెప్పిన అంకె వాడకుండా మీరే తేల్చుకోండి.

ఇప్పుడు మొదట్లో అడిగిన ప్రశ్నకి రండి. 22 కిలోలని చెప్పింది పొట్టుతో ఉన్న లెక్క. 0.88 వంతు వేస్తే తెల్లపప్పు 19.4 కిలోలు. వచ్చింది 18.5. మూడున్నర కిలోలు పోయాయని గాభరా పడుతున్న చోట నిజంగా పోయింది కిలో లోపే. మిగతాది పొట్టు, నీరు. ఎవరూ పట్టుకెళ్లలేదు.

మన లాట్‌కి 270ని 0.88తో వేస్తే కిలోకి 237.6 గ్రాములు. బస్తాకి 19 కిలోలు, 20 బస్తాలకి 380 కిలోలు. ఈ 380 అంకెని నోటుబుక్కులో పెద్దగా రాసి గీత కొట్టండి. చివర్లో దీంతోనే పోల్చాలి.

5. ఎండబెట్టాక తూకం

మన పిక్క మార్చి నుంచి మే దాకా దిగుతుంది. అప్పటికి ఎండలు బాగానే ఉన్నా, సముద్రం గాలికి తెల్లవారుజామున కళ్లం అంతా చెమ్మగిల్లుతుంది. సాయంత్రం కుప్ప చేసి టార్పాలిన్ కప్పకపోతే పగలు పోయిన నీరు రాత్రి మళ్లీ ఎక్కుతుంది.

పిక్కలు 12 శాతం తేమతో వచ్చి, 8 శాతానికి ఆరాయనుకుందాం. చాలామంది 12 లోంచి 8 తీసేసి, 4 శాతం తగ్గుతుందని వేస్తారు. అలా వేయకూడదు. 1,600 కిలోల్లో నీరు కానిది 88 శాతం, అంటే 1,408 కిలోలు. ఆరాక ఈ 1,408 కిలోలే మొత్తంలో 92 శాతం అవుతుంది. 1,408ని 0.92తో భాగిస్తే 1,530 కిలోలు. అంటే 70 కిలోలు గాలిలో కలిసిపోవడం న్యాయమే. బస్తాకి మూడున్నర కిలోలు!

మన కాటా మీద 1,524 వచ్చిందనుకోండి. ఆ 6 కిలోలు మట్టి, రాళ్లు, జీడిమామిడి పండు ఎండిన తొక్కలు. ఊడ్చి తూచి చూసుకోండి. 6 కాకుండా 30 కిలోల తేడా వస్తే మట్టి కలిపి అమ్మారు, లేదా కళ్లం మీద నుంచి సరుకు జారింది. రెండిట్లో ఏదో ఊడ్చిన కుప్పే చెప్తుంది.

తేమ మీటరు లేనివాళ్లు ఇలా చేయండి. ఒక కిలో పిక్కలు నైలాను వల సంచిలో పోసి మూతి కట్టి, కళ్లం మీద ఆరే పిక్కల మధ్యనే పడేయండి. రోజూ సాయంత్రం ఒకే వేళకి ఆ సంచి తూచి రాయండి. రెండు రోజులు వరసగా బరువు మారకపోతే ఆ వాతావరణంలో ఆరాల్సినంత ఆరినట్టే. గుప్పెట్లో పట్టి ఊపితే పప్పు పెంకులో గలగలమనడం కూడా మంచి గుర్తే, కానీ దాని మీద డబ్బు లెక్క వేయకండి.

రైతు దగ్గర నేరుగా కొనేవాళ్లకి ఒక మాట. తేమ పేరు చెప్పి అందరికీ ఒకే కోత పెట్టడం అన్యాయం. బాగా ఆరబెట్టి తెచ్చినవాడికి, పచ్చిగా తెచ్చినవాడికి ఒకే ధర ఇస్తే, వచ్చే ఏడాది ఇద్దరూ పచ్చిగానే తెస్తారు. మీటరు రైతు ముందే పెట్టి చూపించి, ఆరిన సరుక్కి ఎక్కువ ఇవ్వండి. మీకు ఎండబెట్టే కూలి ఎలాగూ కలిసొస్తుంది.

6. బాయిలర్

ఉడికిన వెంటనే తూచి లెక్కలో రాయకండి. ఆవిరి నీరు పట్టి బరువు ఎక్కువ చూపిస్తుంది. బాయిలర్‌లోకి వెళ్లేముందు తూకమే రాసుకోండి. ఉడికాక రాత్రంతా పరిచి చల్లార్చి, మర్నాడు కటింగ్‌కి ఇవ్వండి. ట్రే మీద ఆవిరి పట్టిన సమయం, ప్రెషరు నోటుబుక్కులో పడాలి. ఆ రెండు అంకెలు ఎందుకు కావాలో తర్వాతి మెట్టులో తెలుస్తుంది.

7. కటింగ్ బల్ల దగ్గర

ఉద్దానంలో కటింగ్, పీలింగ్ చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. కిలో లెక్కన కూలి. జీడి సొన చేతులకి అంటి తోలు ఊడిపోతున్నా పని చేస్తారు. పప్పు తగ్గగానే ముందుగా అనుమానించేది కూడా వాళ్లనే, అందుకే ఈ మెట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతున్నాను.

ఒక యూనిట్‌లో యజమాని వారం రోజులుగా పనివాళ్ల డబ్బాలు వెతికిస్తున్నాడు. బల్ల దగ్గర ఒకామె కాలితో పెంకుల కుప్పని కదిపి ఒక పెంకు తీసి నాకు చూపించింది. లోపల పప్పు సగం విరిగి, అంచుకి అతుక్కునే ఉంది. "చూడండి బాబూ, ఉడకలేదు. పప్పు విడట్లేదు, మేమేం చేస్తాం?" అంది. ఆ కుప్పలో ఎక్కడ చెయ్యి పెట్టినా అలాంటి పెంకులే. పప్పంతా పెంకుతో కలిసి నూనె మిల్లుకి పోతోంది.

కాబట్టి ఇక్కడ నాలుగు తూకాలు రాయాలి:

- ఇచ్చిన పిక్కలు
- వచ్చిన పప్పు, పొట్టుతో
- కోయకుండా మిగిలిపోయిన పిక్కలు
- పెంకు

మొత్తం పెంకులోంచి తలా కాస్త తీసి ఒక కిలో వేరు చేసి, అతుక్కున్న పప్పుని సూదితో గీకి తూచండి. చేతికి గ్లవుజులు వేసుకోండి, లేదా నూనె బాగా రాసుకోండి. మన లాట్‌లో పెంకు 1,050 కిలోలు, కిలోకి 6 గ్రాముల పప్పు వచ్చిందనుకుంటే మొత్తం 6.3 కిలోలు. చూడడానికి ఆరు గ్రాములే, లాట్ మీద ఆరు కిలోలకి పైగా!

పెంకులో పప్పు ఎక్కువ కనిపిస్తే కారణం ఇలా వెతకండి. పప్పు పెంకుకి అతుక్కుని ఉంటే ఉడుకు చాలలేదు. పప్పు రంగు మారి, కోయగానే సొన కారి మరకలు పడుతుంటే ఉడుకు ఎక్కువైంది. పిక్క అడ్డదిడ్డంగా తెగి పప్పు రెండుగా చీలుతుంటే బ్లేడు మొద్దుబారింది, లేదా పెద్ద పిక్కా చిన్న పిక్కా కలిపి మిషన్లో పోశారు. ఆటోమేటిక్ కటింగ్ మిషను వాడేవాళ్లు ముందు సైజుల జల్లెడ పట్టకుండా పిక్క పోయకూడదు. బ్లేడ్ల మధ్య సందు ఒక సైజుకే సరిపోతుంది.

తూకం పనివాళ్ల ఎదురుగానే వేయండి. వాళ్ల అంకె రాసిన చీటీ వాళ్లకి ఇవ్వండి. పొరపాటు ఎవరిదైనా అక్కడికక్కడే తేలిపోతుంది, వారం తర్వాత గొడవ ఉండదు.

ఇంకొకటి, ఈ దశలో పప్పు బరువు చూసి సంబరపడకండి, కంగారు పడకండి. ఆవిరి పట్టిన పప్పు కాబట్టి కటింగ్ టెస్ట్ అంకెతో నేరుగా పోల్చలేం.

8. డ్రయ్యర్ ముందు, తర్వాత

పప్పు 10 శాతం తేమతో డ్రయ్యర్‌లోకి వెళ్లి 4 శాతంతో బయటికి వస్తే, 100 కిలోలకి 93.75 కిలోలు రావాలి. 5వ మెట్టులో వేసిన లెక్కే ఇది కూడా. 90ని 0.96తో భాగించండి.

ట్రేలు మార్చకుండా వదిలేస్తే పైట్రే మాడుతుంది, కిందట్రే పచ్చిగా ఉంటుంది. మధ్యమధ్యలో పైవి కిందకి, కిందవి పైకి మార్చాలి. సరిగ్గా ఆరిన పప్పుని బొటనవేలితో రుద్దితే పొట్టు కదిలి వస్తుంది.

9. పీలింగ్

పొట్టు సంచిని పారేసేముందు సన్నజల్లెడ పట్టండి. ఎంత రవ్వ దొరుకుతుందో మీకే ఆశ్చర్యం వేస్తుంది. మన లాట్‌లో 2 కిలోలు దొరికిందనుకుందాం. పొట్టు ఊడని పప్పుని తిరిగి డ్రయ్యర్‌కి పంపేటప్పుడు లాట్ నంబరు అట్ట ఊడిపోకుండా చూసుకోండి. ఇలా వెనక్కి వెళ్లిన పప్పు మర్నాడు ఇంకో లాట్‌లో తేలుతుంది. ఒక లాట్ తక్కువా, ఇంకో లాట్ ఎక్కువా చూపిస్తే ముందుగా వెతకాల్సింది ఇక్కడే.

10. గ్రేడింగ్, గుండు శాతం

బరువు సరిపోయినా డబ్బు సరిపోకపోవచ్చు. కారణం గుండు (విరగని పూర్తి పప్పు) విరిగి బద్ద (సగం పప్పు), ముక్క అవడం. అందుకే ప్రతి లాట్‌కీ గుండు శాతం వేయాలి. గుండు కిలోల్ని మొత్తం తెల్లపప్పు కిలోలతో భాగించి వందతో గుణించండి.

శాతం పడిపోతే ఎక్కడ విరుగుతోందో చూడడం తేలిక. కటింగ్ అయ్యాక అర కిలో, డ్రయ్యర్ దిగాక అర కిలో, పీలింగ్ అయ్యాక అర కిలో తీసి విరిగినవి వేరుచేసి తూచండి. ఏ రెండు చోట్ల మధ్య ఒక్కసారిగా పెరిగిందో లోపం అక్కడే. పీలింగ్‌లో పెరిగితే చాలాసార్లు పప్పు మరీ ఎండిపోయి ఉంటుంది. డ్రయ్యర్ సమయం తగ్గించి చూడండి, లేదా దిగిన పప్పుని కాసేపు గాలికి చల్లారనిచ్చి ఇవ్వండి.

నంబర్ల గ్రేడు సరిపోయిందా అని చూడడానికి 100 గ్రాములు తూచి గింజలు లెక్కపెట్టండి. డబ్ల్యూ-240 అంటే పౌండుకి 220 నుంచి 240 గుండ్లు, అంటే 100 గ్రాములకి 49 నుంచి 53. డబ్ల్యూ-320 అయితే 66 నుంచి 71. డబ్ల్యూ-210కి 44 నుంచి 46. మీరు 320 అని అమ్మేదాంట్లో 100 గ్రాములకి 60 మాత్రమే తూగుతుంటే పెద్ద పప్పుని చిన్న ధరకి ఇస్తున్నారన్నమాట. ఈ నష్టం ఏ తూకంలోనూ కనపడదు.

11. లెక్క కలపడం

మన 20 బస్తాలకి తెల్లపప్పు 366 కిలోలు వచ్చిందనుకుందాం. రావాల్సింది 380. తేడా 14 కిలోలు.

పెంకులో పోయింది 6.3 కిలోలు. అది పొట్టుతో ఉన్న బరువు కాబట్టి 0.88 వేస్తే 5.5 కిలోలు. పొట్టు జల్లెడలో దొరికిన రవ్వ 2 కిలోలు. కోయని పిక్కలు 8 కిలోలు మిగిలాయి, వాటి పప్పు 1.9 కిలోలు. మొత్తం 9.4 కిలోలకి జాడ దొరికింది. ఇంకా తేలనిది 4.6 కిలోలు, అంటే 380 మీద 1.2 శాతం.

ఇంత పెద్ద పనిలో, ఇన్ని తూకాల్లో ఒకటి, ఒకటిన్నర శాతం తేలకపోవడం మామూలే అని నా అభిప్రాయం. దానికోసం ఎవరినీ నిలదీయకండి. మూడు శాతం దాటి, వరసగా రెండు మూడు లాట్లలో అలాగే వస్తుంటే అప్పుడు గోడౌన్ తాళం ఎవరి దగ్గర ఉంటోంది, రాత్రి డ్యూటీ ఎవరిది, టిన్నులు లెక్కపెట్టి సీలు వేస్తున్నారా అన్నవి చూడాలి.

తరచుగా జరిగే పొరపాట్లు

అంకెలు సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాయడం. ఇది అన్నిటికంటే చెడ్డది. గుర్తు తెచ్చుకున్న అంకె ఎప్పుడూ రావాల్సిన అంకెకి దగ్గరగానే ఉంటుంది, తేడా ఎప్పటికీ దొరకదు.

పొద్దున్న ఒక కాటా, సాయంత్రం ఇంకో కాటా వాడడం. ఒక లాట్‌కి మొదటి నుంచి చివరిదాకా ఒకే కాటా వాడండి.

సీజన్ మొదట్లో చేసిన కటింగ్ టెస్ట్‌ని సీజనంతా వాడడం. జూన్ వానలు పడ్డాక గోడౌన్లో నిలవున్న పిక్క తేమ మారుతుంది. బస్తాలు నేల మీద నేరుగా వేసి ఉంటే అడుగు వరసలో బూజు కూడా పడుతుంది. చెక్క దిమ్మెల మీద, గోడకి జానెడు దూరంగా పేర్చండి. నెల దాటిన నిల్వకి ఉడకబెట్టేముందు మళ్లీ టెస్ట్ చేయండి. అక్టోబరులో తుపాను కబురు రాగానే అడుగు వరసలు పైకి ఎత్తించండి, ఆరబెట్టిన సరుకు కళ్లం మీద ఉంచకండి.

ముక్కని, రవ్వని తూచకుండా ఇంటి వాడకానికో, పరిచయస్తులకో ఇచ్చేయడం. ఇవ్వండి, తప్పులేదు. రాసి ఇవ్వండి.

కూలి మొత్తం బరువు మీదే ఇవ్వడం. అలా ఇస్తే పనివాళ్లు వేగం చూసుకుంటారు, గుండు నిలబెట్టడం మీద వాళ్లకి లాభం ఉండదు. గుండుకి కిలో మీద కొంచెం ఎక్కువ ఇచ్చి చూడండి. ఆ ఎక్కువ ఇచ్చింది గుండు ధరకీ బద్ద ధరకీ ఉన్న తేడాలో చిన్న వంతే అవుతుంది.

ఫలితం వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది

మొదటి లాట్ అంకెలు నమ్మకండి. అందరికీ అలవాటు ఉండదు, ఒకటి రెండు తూకాలు తప్పిపోతాయి. మూడో లాట్ నుంచి నాలుగు అంకెలు వరసగా ఒకే పేజీలో రాయండి: కటింగ్ టెస్ట్ చెప్పిన పప్పు, వచ్చిన పప్పు, గుండు శాతం, జాడ తెలియని శాతం. కిందకి చదువుతూ పోతే చాలు.

ఒకే అమ్మకందారు లాట్లలో మాత్రమే మొదటి అంకె తగ్గుతుంటే సమస్య సరుకుది. అందరి లాట్లలో మొదటి అంకె బాగుండి రెండోది తగ్గుతుంటే సమస్య మీ షెడ్డులోనే ఉంది. రెండూ బాగుండి గుండు శాతం పడితే బాయిలర్, బ్లేడు, డ్రయ్యర్ చూడండి. మూడూ బాగుండి కూడా చేతికి డబ్బు రాకపోతే గ్రేడింగ్‌లో 100 గ్రాముల పరీక్ష మళ్లీ చేయండి, లేదా మీ కొనుగోలు ధరే ఎక్కువ.

మధ్యలో ఒకసారి పోలిక పరీక్ష కూడా పెట్టుకోవచ్చు. అంతకుముందే తూచి పెట్టుకున్న 50 కిలోల పిక్కని విడి లాట్‌గా, మీరే దగ్గరుండి ఒక్క రోజులో కోయించండి. దాని ఫలితం మామూలు లాట్ ఫలితంతో సరిపోతే మీ పద్ధతి నిలబడింది. అది బాగా వచ్చి మామూలు లాట్ రాకపోతే, మీరు లేనప్పుడు ఏం మారుతోందో చూడాలి. చాలాసార్లు అది ఉడుకు సమయమే అవుతుంది. కరెంటు పోయో, కట్టె చాలకో బాయిలర్ మనిషి ట్రే ముందుగా దింపేస్తుంటాడు.

పేజీ నిండాక ఆ నోటుబుక్కుని పట్టుకుని పిక్కల వ్యాపారి దగ్గరికి వెళ్లండి. ఇకపై బేరం బస్తా ధర మీద కాకుండా, మీ ఇద్దరి ఎదురుగా కోసిన కిలోలో వచ్చిన పప్పు మీద, మీటరు చూపించిన తేమ మీద అని చెప్పండి. 270 గ్రాములకి ఒక ధర, అంతకంటే ప్రతి 5 గ్రాములు తగ్గితే ఇంత కోత, పెరిగితే ఇంత అదనం అని కాగితం మీద రాసుకోండి. మంచి సరుకు తెచ్చేవాడు దీనికి ఒప్పుకుంటాడు. ఒప్పుకోనివాడి లారీ దింపుకునేముందు ఇంకో రెండు బస్తాల్లో గొట్టం గుచ్చి చూడండి.